రాదు

షార్జా, అల్ నహ్దా. మూడో అంతస్తులో బయాలజీ గది.
ఏసీ కింద ప్లాస్టిక్ బకెట్టు, చుక్క చుక్క నీళ్లు.
ఏప్రిల్లో కొత్త పుస్తకాలు రాగానే
నాలుగో పాఠానికి నేనే స్టేప్లర్ కొట్టేదాన్ని.
ముప్పై ఎనిమిది పుస్తకాలు.
మార్జిన్లో పెన్సిల్‌తో: పరీక్షకు రాదు.

ఎవరూ నన్ను కొట్టమనలేదు.
"పేరెంట్స్ ఎవరైనా ఫోన్ చేస్తే..." అని
ప్రిన్సిపాల్ వాక్యం సగంలో ఆపారు.
మిగతా సగం స్టేప్లర్‌తో నేను పూర్తి చేశాను.
నా వీసా వాళ్ల చేతుల్లో ఉంది మరి.

నిహాంత్‌ది వెనక బెంచీ.
నాన్న టైర్ల గోడౌన్‌లో స్టోర్‌కీపర్.
మీదేవూరంటే సామర్లకోట అనేవాడు,
వాడు పుట్టింది మాత్రం ఇక్కడే, ఖాసిమియా ఆస్పత్రి పక్కన.
ఒకరోజు లేచి నిలబడ్డాడు:
"మిస్, దోమ కుడితే ఎయిడ్స్ వస్తుందా?"
క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.
"రాదు. కూర్చో."

సరైన జవాబే. ఫుల్ మార్కులు వేయొచ్చు.
దేనివల్ల రాదో చెప్పాను,
దేనివల్ల వస్తుందో చెప్పలేదు.
వాడు అసలు ప్రశ్నని గుటక వేయడం
నాకు కనబడింది.
గంట ఎప్పుడు కొడతారా అని చూశాను.

నిజం చెప్పాలంటే ఆ పాఠం నాకే రాదు.
ఎమ్మెస్సీ చేశాను, బొమ్మ గీసి బాణాలు పెట్టగలను,
కానీ మా అమ్మ నాకిచ్చిన చదువంతా ఒక్క మాట:
"జాగ్రత్త." దేనికో చెప్పలేదు.
మన భాషలో ఆ అవయవాలకి రెండే రకాల పేర్లు,
ఒకటి బూతు, ఒకటి సంస్కృతం.
ఆ రెంటి మధ్యా పిల్లలు నోరు లేకుండా పెరుగుతారు.
రాత్రి దుప్పటి కింద ఫోన్ వెలుగులో నేర్చుకుంటారు.
ఆ ఫోన్లో ఎవరూ జాగ్రత్త పడరు.

జనవరిలో వాడికి పద్దెనిమిది నిండాయి.
వీసా రెన్యువల్‌కి మొదటిసారి రక్తం ఇచ్చాడు.
రాదన్నాను కదా,
వచ్చింది పరీక్షకి.

మళ్లీ పిలిచి ఇంకో గొట్టం నింపుకున్నారు.
తర్వాత ఒక గది, వేలిముద్రలు,
హైదరాబాద్ విమానంలో కిటికీ పక్క సీటు.
పుట్టిన ఊరి నుంచి
స్వదేశానికి పంపేశారు.
బోర్డు పరీక్షల హాల్ టికెట్టు నా సొరుగులోనే ఉంది.

వాళ్ల బిల్డింగులో నెల్లాళ్లు
లిఫ్టు బటన్లు టిష్యూతో నొక్కారు.
స్టాఫ్‌రూమ్‌లో వేడి వేడి కరక్ చాయ్ మీద
అమ్మాయా, అబ్బాయా, సూదా అని పందాలు.
నేను కప్పు కడుక్కుని వచ్చేశాను.

వాళ్లమ్మ వీరవేణి వచ్చింది, మార్కుల లిస్టు కోసం.
ఊరికి టికెట్ తీశానంది. గుమ్మం దగ్గర ఆగింది.
"మేడం, వాడి కంచం విడిగా పెట్టాలా?"
అక్కర్లేదు అన్నాను.
"మరి... ముట్టుకోవచ్చా?"
తొమ్మిది నెలలు మోసిన పిల్లాడిని
ముట్టుకోవచ్చా అని నన్ను అడిగింది.
"ముట్టుకో. ఒళ్లో పడుకోబెట్టుకో.
ముట్టుకుంటే రాదు."
ఇన్నేళ్లలో ఆ ఒక్క రాదు మాత్రం గట్టిగా అన్నాను.

మొన్న వాడి మెసేజ్:
"మిస్, రోజుకొక మాత్ర. రాత్రి తొమ్మిదికి అలారం.
వేసుకుంటే చాలా ఏళ్లు ఉంటానంట.
నాలుగో పాఠం ఫోటో తీసి పంపిస్తారా?
నా పుస్తకంలో పిన్ను అలాగే ఉంది, తీస్తే చిరిగింది."

గోటితో ఒక్కో పిన్నూ ఊడదీశాను.
ఇరవై మూడు పేజీలు.
ఏసీ చుక్కలు బకెట్లో పడుతూనే ఉన్నాయి.
ప్రతి పేజీ అంచునా రెండు సన్నటి చిల్లులు,
పాము కాటులా.
పంపించాను. చిల్లులు కూడా కనబడేలా.

రేపు మొదటి పీరియడ్ పన్నెండు బి.
అద్దం ముందు నిలబడి ఆ మాటలు ఒక్కోటీ
పైకి అంటున్నాను.
మూడో మాట దగ్గర ఇంకా గొంతు రాదు.